సున్నా రాయని పుస్తకం

చేపల చెరువు మీద పిట్టలు వాలకుండా కట్టిన నైలాను దారాల్లో పెద్ద పిట్ట ఏదో తలకిందులుగా వేలాడుతోందని మరియమ్మ ఫోన్ చేసేసరికి జలజ ఇంకా మొహం కూడా కడుక్కోలేదు.

"కొంగేమో చూడు మరియమ్మా."

"కొంగైతే నీకెందుకు ఫోన్ చేస్తానమ్మా? ఇరవయ్యేళ్లనించి ఈ చెరువులు కాపలా కాస్తన్నాను, కొంగల్ని ఎరగనా? ఇది బాతు. బూడిద రంగు. తలెనకాల బొగ్గుతో గీసినట్టు రెండు నల్ల చారలు. ఒకటి గాదు, దారాల నిండా ఉన్నాయి. బేగి రా తల్లీ, కొన్ని ఇంకా కొట్టుకుంటన్నాయి."

జలజ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

రెండు నల్ల చారలు. చారతల బాతులు. మంగోలియాలో పుట్టి, హిమాలయాల నెత్తిమీదుగా ఎగిరి, చలికాలం గడపడానికి దక్షిణాదికి దిగే బాతులు. కొల్లేటి నడుమ ఉన్న ఈ పైడిలంక దగ్గర అవి గుంపుగా దిగి ఇరవయ్యేడేళ్లయింది. అప్పటికి జలజకు ఎనిమిదేళ్లు.

చాకు జేబులో వేసుకుని బైకు తీసింది. గట్టుకు అటూ ఇటూ మంచు దట్టంగా పట్టి ఉంది. చెరువుల్లో గాలి కొట్టే యంత్రాల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ చప్పుడులో కలిసి బాతుల అరుపు. చిన్నప్పుడు విన్న అరుపే. ఇన్నేళ్లు ఎదురుచూసిన చుట్టం గుమ్మంలోకి వస్తే, ఎదురెళ్లడానికి తను చాకు పట్టుకుని పరిగెత్తుతోంది.

ఇద్దరూ మోకాటి లోతు నీళ్లలో దిగి దారాలు కోశారు. పదకొండు బాతులు బతికి బయటపడ్డాయి. పంతొమ్మిదింటిని మరియమ్మ గట్టుమీద వరుసగా పడుకోబెట్టి, తన పాత చీర తెచ్చి కప్పింది.

చెరువు కట్టకు అవతల, అసలు సరస్సు ఉండాల్సిన చోట, నల్లటి బురద. ఈ ఏడు వానలు లేవు. ఆ బురదలో వందకు పైగా బాతులు మెడలు చాచి నిలబడ్డాయి. తినడానికి పరక లేదు, దిగడానికి నీళ్లు లేవు. ఉండుండి ఒక్కొక్కటి లేచి మెరిసే చెరువు నీళ్లకేసి వస్తోంది. అడ్డంగా దారాలున్నాయని వాటికి తెలీదు.

"ఇంత బుద్ధిలేని పిట్టల్ని నేనెక్కడా సూళ్లేదు," అంది మరియమ్మ, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నీళ్లు లేని చోటికి ఎందుకొచ్చినట్టు?"

"పిలిస్తే వచ్చాయి."

"ఎవరు పిలిచారు?"

జలజ తల తిప్పి మంచులో లేచి కనిపిస్తున్న స్తంభం కేసి చూసింది. "నేనే."

*

పిలుపు స్తంభం చూడటానికి సెల్ టవర్‌కు చెల్లెలిలా ఉంటుంది. పన్నెండు మీటర్ల ఎత్తు, కొసన రాగి చుట్ట. వలస పక్షులు భూమి అయస్కాంతపు లాగుడును కళ్లతో పసిగట్టి దారి పట్టుకుంటాయి. స్తంభం ఆ లాగుడులో వెంట్రుకవాసి తేడా తెస్తుంది. ఎక్కడో వింధ్య పర్వతాల మీద ఎగిరే పక్షికి ఆ తేడా తగిలి, 'నీ చోటు ఇటుంది' అనిపిస్తుంది. అంతే. మూడేళ్ల క్రితం ఈ స్తంభం పెట్టాకే పైడిలంకకు గూడబాతులు తిరిగొచ్చాయి. నిరుడు ఎర్రకాళ్ల కొంగలు. ఈ చలికాలమే చారతల బాతుల మీట నొక్కారు.

స్తంభానికి జలజ ఒకే ఒక్క కట్టుబాటు పెట్టింది. ఏ పక్షినైనా, అది తనంతట తాను ఇదివరకు వచ్చిన నీటిలోతులోనే పిలవాలి. లోతు చాలకపోతే నోరు మూసుకోవాలి. ఆ నియమం కోసం తను పనిచేసే పక్షుల పరిశోధన సంస్థలో అందరితోనూ పోట్లాడింది.

ఏ పక్షి ఎప్పుడు ఏ లోతులో వచ్చిందో స్తంభానికెలా తెలుస్తుంది? దానికి నాన్న పుస్తకం ఉంది. మోరు నాంచారయ్య, పైడిలంక పక్షుల కాపరి, యాభై రెండు చలికాలాల పాటు ప్రతి ఉదయం తాటిదోనెలో తిరిగి రాసిన పుస్తకం. తేదీ, పిట్ట, ఎన్ని, వెదురు బద్దతో కొలిచిన లోతు, గాలి ఎటునుంచి. దేశంలో అలాంటి పుస్తకం ఇంకొకటి లేదు.

బతికిన బాతుల రెక్కల్లోంచి దారపు పోగులు తీసి వదిలేసరికి మధ్యాహ్నమైంది. స్తంభం అడుగున గదిలోకి వెళ్లి జలజ తెర వెలిగించింది. లోతు: అంగుళం. గూడబాతు: ఎర్ర దీపం. ఎర్రకాళ్ల కొంగ: ఎర్ర దీపం. పరజలు, ఉల్లంకులు: ఎర్ర దీపాలే.

చారతల బాతు: పచ్చ దీపం.

'ఎందుకు?' అని మీట నొక్కింది. యంత్రం జవాబుగా ఒక వరుస చూపించింది. కరువు ఏళ్లు, నీళ్లు అడుగంటిన ఏళ్లు, సరస్సు బురదగా మారిన ఏళ్లు. ఆ ప్రతి ఏడూ చారతల బాతు గడిలో ఒకే అంకె. 1. 1. 1. మిగతా ఏళ్లతో కలిపితే ఇరవయ్యారు ఏళ్లు వరుసగా ఒకటి.

ఆ ఒంటి బాతు సంస్థలో అందరికీ ముద్దు. గుంపు రావడం మానేసినా పాత చోటును మరవని విశ్వాసం గల ముసలి బాతు అని చెప్పుకునేవారు. సంస్థ ముద్ర మీద బొమ్మ కూడా దానిదే. ఇప్పుడు ఆ ముసలి బాతు స్తంభానికి నేర్పిన పాఠం ఇది: చారతల బాతుకు బురద చాలు, పిలవొచ్చు.

తెరమీద ఇంకో చుక్క కదులుతోంది. రెండో గుంపు. మూడు వందల పది. ముందు ఎగిరే బాతు మెడకు కట్టిన పరికరం ప్రకారం ఆదిలాబాదు అడవులు దాటుతున్నాయి. సాయంత్రం నాలుగింటికి గోదావరి దాటతాయి. దాటితే ఇక వెనక్కి తిరగవు.

స్తంభం కట్టేద్దామా అంటే, అది అన్నిటికంటే అన్యాయం. పిలుపు మధ్యలో తెగితే పక్షులు ఆకాశంలోనే గిరికీలు కొట్టి కొట్టి అలిసి రాలిపోతాయి. మొదటి ఏడాది పరజలతో ఆ సంగతి తెలిసింది. చచ్చిన పిట్టల్ని ఆ ఉదయం గోనె సంచుల్లోకి ఏరారు. ఉన్నది ఒకటే దారి. పుస్తకంలో తప్పు ఉంటే, రాసినవాడు ఒప్పుకుని సంతకం పెట్టి సరిచేయాలి. అప్పుడు స్తంభం తనంతట తాను నెమ్మదిగా పిలుపు మార్చి, నీళ్లున్న మంజీర వైపు వాటిని మళ్లిస్తుంది.

సంస్థ అధిపతి చక్రపాణికి ఫోన్ చేసింది.

ఆయన అంతా విన్నాడు. "సాంకేతిక లోపం అని రాసెయ్ జలజా."

"లోపం అని రాస్తే బాతులు తిరగవు సార్. అంకెలు మారాలి."

"మారిస్తే ఏమవుతుందో ఆలోచించావా? ఎల్లుండి పదకొండు స్తంభాలు ఒకేసారి ప్రారంభం. పదకొండూ మీ నాన్నగారి పుస్తకం మీద నిలబడ్డవే. ఒక్క గడి అబద్ధమని తేలితే యాభై రెండేళ్లూ అబద్ధమేనంటారు. ఆయనకి సన్మానం పెట్టుకున్నాం. డెబ్బయ్యెనిమిదేళ్ల మనిషిని వేదిక మీద శాలువా కప్పుతామని పిలిచి, దొంగ అంకెలు రాశావంటామా?"

తెరమీద చుక్క ఇంకాస్త కిందికి జరిగింది.

"మూడు వందల బాతులు," అన్నాడు చక్రపాణి, గొంతు తగ్గించి. "బాధే. కాదనను. కానీ ఆ పుస్తకం పోతే లక్షల పక్షులకి పిలుపు పోతుంది. నీ ఇష్టం."

*

ఆ పుస్తకంలో మొదటి 'ఒకటి' ఎప్పుడు పడిందో జలజకు బాగా తెలుసు. ఆ కథ ఎన్ని వేదికల మీద చెప్పిందో లెక్కలేదు.

తనకు తొమ్మిదేళ్లు. కార్తీకం వెళ్లిపోయింది, మార్గశిరం సగమైంది, బాతులు రాలేదు. నాన్న రోజూ పొద్దున్నే తనను నిద్రలేపి, గొంగట్లో చుట్టి దోనెలో కూర్చోబెట్టేవాడు. అమ్మ ఇచ్చిన వేడి వేడి మినపరొట్టె గుడ్డలో మూటకట్టి తను ఒళ్లో పెట్టుకునేది. చేతులు కాగేవి. గడతో దోనె తోస్తూ నాన్న అడిగేవాడు, "తూటాకు పొద పక్కన ఏంటవి?" "పరజలు!" "ఎన్ని?" "నలభై!" "తల తిప్పి మళ్లీ లెక్కెట్టు. పిట్ట తల మునిగితే లేనట్టా?" నీళ్ల మీద పొగలా మంచు, తుంగ వాసన, గడ ఎత్తినప్పుడల్లా జారే నీటి చుక్కల చప్పుడు. ప్రపంచంలో అంతకు మించిన చోటు ఇంకొకటి ఉందని ఎవరైనా చెప్పినా నమ్మేది కాదు.

ఒకరోజు మంచులో, దూరంగా, తూటాకు అవతల ఒక మసక మచ్చ. రెండు నల్ల చారలు. ఒంటరి బాతు. ఆ బాతును చూసిన నాడే తను పక్షుల శాస్త్రం చదవాలనుకుంది. ఆ బాతు కోసమే ఈ స్తంభం కట్టింది.

*

స్తంభం పక్క క్వార్టర్స్ వరండాలో నాంచారయ్య కోతి టోపీ పెట్టుకుని, దుర్భిణి మెళ్లో వేసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"వచ్చాయంటగా! మరియమ్మ చెప్పింది. పొద్దున్నే అరుపు చెవిన పడితే కలేమో అనుకున్నాను. పద, పద, ఎన్నున్నాయో చూద్దాం. బైకు నువ్వు నడుపు, నీ అంత దూకుడు నాకు చేతకాదు."

"పంతొమ్మిది చచ్చిపోయాయి నాన్నా."

ఆయన దుర్భిణి తీసి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. జలజ చెప్పాల్సిందంతా చెప్పింది. అంగుళం లోతు. పచ్చ దీపం. ఇరవయ్యారు ఒకట్లు. వస్తున్న మూడు వందల పది.

"అవన్నీ చూశావా నాన్నా?"

ఆయన దుర్భిణి తాడు వేలికి చుట్టుకున్నాడు. గట్టుకవతల బాతులు అరుస్తూనే ఉన్నాయి.

"మీ అమ్మ ఏనాడైనా బియ్యం డబ్బా అడుగు దాకా గీకిందా?" అన్నాడు చివరికి.

"లేదు. గుప్పెడు ఉంచేది."

"ఎందుకు?"

"ఖాళీ చేస్తే మళ్లీ నిండదని."

"మన లంకలో ఎవరన్నా పిట్టలు రాలేదని అనగా విన్నావా? దారిలో ఉన్నాయంటారు. ఆ గడిలో సున్నా పెడదామంటే చెయ్యి రాలేదే అమ్మాయ్. సున్నా పెడితే తలుపేసేసినట్టుంటుంది. ఒకటి ఉంచాను. గుప్పెడు బియ్యంలాగా." ఉన్నట్టుండి ఆయన గొంతు పెరిగింది. "అయినా ఇంత చదువుకున్నావు, బురదలో బాతు దిగదని నీకు తెలియదా? ఎప్పుడూ అడగవేంటి?"

"నీ పుస్తకం గదా నాన్నా. నిన్ను అడిగేదేంటనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

టైము రెండున్నర. జలజ లోపలికెళ్లి అసలు పుస్తకాలు తెచ్చింది. అట్టలు ఊడిన, చేప వాసన కొట్టే అయిదు బౌండు పుస్తకాలు. "ఇరవయ్యారూ అట్టాంటివేనా? ఏవన్నా నిజమైనవి ఉన్నాయా? ఒక్కొక్కటీ నువ్వే చెప్పాలి. నీకు గుర్తుందా?"

"గుర్తెందుకు? గాలి గడి చూడు."

"గాలా?"

"నిజంగా చూసిన నాడు గాలి రాశాను. చూడని పిట్టకి గాలి ఎట్టా రాస్తాను? పిట్ట సంగతి వేరు, ఇయ్యాల రాకపోతే రేపొస్తుంది. వీచిపోయిన గాలి మళ్లీ వస్తుందా? దాని మీద అబద్ధం ఆడకూడదు. ఖాళీగా వదిలేశాను."

జలజ ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టింది. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఆ ఖాళీలు చూసి, పెద్దాయన మరిచిపోయి ఉంటాడని, చలికాలపు గాలి ఉత్తరమే గదా అని, తనే నింపింది. ఉత్తరం, ఉత్తరం, ఉత్తరం. నాన్న ఒకే ఒక్క చోట దాచకుండా ఉంచిన నిజాన్ని తన చేత్తోనే పూడ్చేసింది.

"నువ్వు నింపావా?" అన్నాడు నాంచారయ్య, నమ్మలేనట్టు. "నన్నొక్క మాట అడక్కుండా?"

"ఆ."

"సరిపోయాం ఇద్దరికిద్దరం." ఆయన ఎర్ర పెన్ను అందుకున్నాడు. "చదువు."

ఆమె ఏ సంవత్సరమో చదవడం, ఆయన గాలి గడి చూడటం. ఖాళీ ఉంటే కొట్టివేత, పక్కన సంతకం. రెండు చోట్ల మాత్రం గాలి ఉంది. ఒక ఏడు ఈశాన్యం. ఇంకో ఏడు తూర్పు, పక్కన చిన్న అక్షరాల్లో 'కుడి రెక్క ఈక ఒకటి తక్కువ'. ఆ రెండూ ఉంచారు. రెండు ఏళ్లూ సరస్సు నిండుగా ఉంది.

వెనక నుంచి ముందుకు వచ్చి వచ్చి, చివరికి మొదటి ఒకటి దగ్గర ఆగారు. జలజ తొమ్మిదేళ్ల ఏడు. గాలి గడి ఖాళీ.

"ఇది కొట్టెయ్యకు," అంది జలజ గబుక్కున. "దీనికి గాలి మరిచిపోయుంటావు. ఇది నేను కళ్లారా చూశాను."

"ఔను. నువ్వు చూశావు. నేను చూళ్లేదు."

"నువ్వేగా అదిగో అన్నావు?"

"అటేదో మసగ్గా ఉంది చూడు అన్నాను. 'రెండు చారలు నాన్నా, రెండు చారలు' అని దోనె ఊగిపోయేట్టు ఎగిరింది నువ్వు. నా కళ్లకేమీ ఆనలేదు. నా కూతురి కళ్లు నాకంటే మంచివి గదా అనుకున్నాను. రాశాను. గాలి రాయబోతే మాత్రం పెన్ను కదల్లేదు." ఆయన కాస్త నవ్వాడు. "ఒకటొచ్చింది గదా, ఉందిలే, ఎక్కడో తిరుగుతోందిలే అని ఆ తర్వాత ఏడు నేను రాసేశాను. ఆ తర్వాత అలవాటైంది."

పుస్తకం మీద చెయ్యి వేసి జలజ కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లుగా వేదికల మీద చెప్పి చెప్పి నున్నగా చేసిన కథ వెనక్కి, అసలు పొద్దు దగ్గరికి వెళ్లడానికి చాలా దూరం నడవాల్సి వచ్చింది.

మినపరొట్టె చల్లారిపోయింది. కాళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇరవయ్యొక్క రోజులుగా రోజూ అదే. నాన్న గడ ఆపి నిలబడ్డాడు. ఆయన భుజాలు కిందికి దిగి ఉన్నాయి. అంతకు ముందెప్పుడూ నాన్నను అలా చూడలేదు. అటేదో మసగ్గా ఉంది చూడు అన్నాడు. ఆమె చూసింది. మంచు. తూటాకు. అంతే. వెనక్కి తిరిగి నాన్న మొహం చూసింది. కనిపించిందంటే ఆ భుజాలు లేస్తాయేమో అనిపించింది.

లేచాయి.

"నాన్నా," అంది కళ్లు తెరిచి. "ఆ పెన్ను ఇలా ఇవ్వు."

స్తంభానికి పంపాల్సిన సవరణ దరఖాస్తులో కారణం రాసే గడి ఉంది. ఇరవై మూడింటికి ఆయన రాశాడు: 'చూడలేదు. వస్తుందని రాశాను.' ఒక్కదానికి జలజ రాసింది: 'చూశానని చెప్పింది నేను. చూడలేదు.' కింద గాలి గడుల సంగతి కూడా రాసి తన పూర్తి పేరు, హోదాతో సంతకం పెట్టింది.

నాంచారయ్య ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు చూశాడు. కూతురి తలమీద, చిన్నప్పుడు గొంగడి కప్పినట్టు, తన కోతి టోపీ తీసి పెట్టాడు.

ఇద్దరూ స్తంభం గదిలోకి వెళ్లి, మూడు గంటల నలభై నిమిషాలకు పంపారు. పచ్చ దీపం పసుపైంది. తెరమీద చుక్క గోదావరి ఒడ్డుకు చేరి అక్కడే ఆగినట్టు కనిపించింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు. జలజ తండ్రి చెయ్యి పట్టుకుంది. మూడో చుట్టు పూర్తికాకుండానే చుక్క పడమటికి వంగింది. దీపం ఎర్రబడింది.

*

పదకొండు స్తంభాల ప్రారంభం ఆగిపోయింది. చక్రపాణి నుంచి ఒక్క వాక్యం వచ్చింది: 'నీ స్థానంలో నేనుంటే పంపేవాణ్ణి కాదు, అందుకే నీ మీద కోపంగా ఉంది.' నెల తర్వాత పైడిలంక స్తంభాన్ని కూడా విప్పి లారీలో ఎక్కించుకుపోయారు. పుస్తకాలు పార్సిల్లో తిరిగొచ్చాయి, పైన 'ఆధారంగా స్వీకరించరాదు' అనే ముద్రతో.

బురదలో మిగిలిన బాతుల కోసం మరియమ్మ చెరువుల దారాలన్నీ తనే కోసిపారేసింది. యజమాని కేకలేస్తే, "అవి గడ్డి తినే పిట్టలయ్యా, నీ చేపల మొహం కూడా చూడవు," అని మీదికెళ్లింది. నాలుగో రోజు పొద్దున అవి లేచి పడమటి దారి పట్టాయి.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. కార్తీకం వెళ్లాక ఒక తెల్లవారుజామున నాంచారయ్య దోనెలో ముందు కూర్చున్నాడు. గడ ఇప్పుడు జలజ చేతిలో ఉంది. ఒళ్లో కొత్త పుస్తకం. ఈ పుస్తకాన్ని ఎవరూ అడగలేదు. ఎవరికీ పంపరు.

స్తంభం లేకపోయినా దారి గుర్తున్న గూడబాతులు వచ్చాయి. నలభై ఒకటి. పరజలు నూట ముప్ఫై. ఉల్లంకులు లెక్కకు అందలేదు, తల తిప్పి మళ్లీ లెక్కపెట్టారు. ఎండ ఎక్కే దాకా తూటాకు చుట్టూ తిరిగారు. మంచు విడిపోయింది. దూరం దాకా నీళ్లు శుభ్రంగా, ఖాళీగా కనిపించాయి.

"చారతల బాతు," అన్నాడు నాంచారయ్య. పెన్ను కాసేపు గాలిలో నిలబడింది. తర్వాత ఆ గడిలో గుండ్రంగా, నెమ్మదిగా, మొదటిసారి సున్నా చుట్టాడు. చేతిని వెనక్కి తీసుకుని దాన్ని చూశాడు.

"తలుపేసినట్టుందా?" అడిగింది జలజ.

ఆయన తడిపిన వేలు పైకెత్తి పట్టుకున్నాడు.

"దేనికి నాన్నా? పిట్ట లేదుగా."

"చూశాం గదా," అన్నాడు నాంచారయ్య. సున్నా పక్క గడిలో రాశాడు. గాలి: ఈశాన్యం.